నోట ఉన్న తెలుగుకు ఓ చిరునామా

2024 జూన్‌లో కొత్త లోక్‌సభ కొలువుదీరినప్పుడు కృష్ణగిరి నుంచి గెలిచిన కె. గోపీనాథ్ తెలుగులో ప్రమాణం చేశారు. తమిళనాడు ఎంపీ తెలుగులో ప్రమాణం చేయడమేమిటని మన వైపు చాలామంది ముక్కున వేలేసుకున్నారు. హోసూరు వాళ్ళకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. ఆయన అంతకుముందు వాళ్ళ ఎమ్మెల్యేనే. ఇక్కడ ఓటు అడగాలంటే దారిపొడవునా భాష మార్చుకుంటూ పోవాలి. బస్టాండు దగ్గర తమిళం, బాగలూరు దారి పడితే తెలుగు, తళి వైపు తిరిగితే కన్నడం. కూరగాయలమ్మే ఆమె ముగ్గురు గిరాకీలతో మూడు భాషల్లో బేరమాడుతుంది. ఎవరితో ఏది మాట్లాడిందో అడిగితే ఆమెకే గుర్తుండదు.

హోసూరు బెంగుళూరు నుంచి ఆగ్నేయంగా నలభై కిలోమీటర్లు. అత్తిబెలె దాటి జూజువాడి రాగానే బోర్డులు తమిళంలోకి మారతాయి. మనుషులు మాత్రం మారరు. అశోక్ లేలాండ్, టీవీఎస్, టైటాన్ వచ్చాక ఊరు ఫ్యాక్టరీల ఊరయింది. 2004 ఫిబ్రవరిలో ధర్మపురి జిల్లాను చీల్చి కృష్ణగిరి జిల్లా చేశారు, 2019లో హోసూరు కార్పొరేషన్ అయింది. ఇవన్నీ కాగితాల మీది పేర్లు. కోలారు, కుప్పం, బెంగుళూరు చుట్టుపక్కల పల్లెలు, హోసూరు కలిపి పాతవాళ్ళు పిలిచే పేరు మొరసునాడు. ఆ నాడు ఇప్పుడు మూడు రాష్ట్రాల మధ్య మూడు ముక్కలు. 1953లో ఆంధ్ర విడిపోయినా, 1956లో భాషల లెక్కన రాష్ట్రాలు కుదురుకున్నా హోసూరు మద్రాసు వైపే ఉండిపోయింది. 1960 ఏప్రిల్‌లో సరిహద్దు సవరించి అటు ఇటు కొన్ని ఊళ్ళు మార్చుకున్నారు. అప్పుడూ హోసూరు కదల్లేదు.

దీని ఫలితం బడిలో కనిపిస్తుంది. 2006లో తమిళనాడు చేసిన చట్టంతో ఒకటో తరగతి నుంచి తమిళం తప్పనిసరి అయింది. ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి పాకి 2016 నాటికి పదో తరగతికి చేరింది. మైనారిటీ భాషల పిల్లలకు కోర్టులు మినహాయింపులిస్తూ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చింది అలాంటిదే. తమిళం నేర్చుకోవడం మీద ఇక్కడి తెలుగువాళ్ళకు పేచీ లేదు, వాళ్ళకది వచ్చు కూడా. పేచీ అంతా ఏళ్ళ తరబడి తెలుగు మార్కులు లెక్కలోకి రాకపోవడం గురించి. మార్కులు రాని సబ్జెక్టు మీద ఏ ఇంట్లోనైనా ఎంత శ్రద్ధ ఉంటుందో చెప్పనక్కర్లేదు. అలా ఇంట్లో పొద్దస్తమానం తెలుగు మాట్లాడుతూ, తెలుగులో పేరు కూడా రాసుకోలేని తరం ఒకటి తయారైంది. నోట ఉంది, చేతిలో లేదు.

చేతికి రావాలంటే రాయాలి. ఎక్కడ రాయాలి? పత్రికలు హైదరాబాదులో, విజయవాడలో ఉన్నాయి. అక్కడి సంపాదకుడికి "పోతా ఉండా" అని రాసి పంపితే "వెళ్తున్నాను" అయి తిరిగొస్తుంది, తిరిగొస్తే. బడి లేదు, పత్రిక లేదు, తెలుగు అచ్చు తెలిసిన డీటీపీ కొట్టు కోసం వెతుక్కోవాలి. ఇలాంటి చోట సొంత బ్లాగు ఒక సరదా కాదు, ఉన్న దారుల్లో బహుశా అన్నిటికన్నా చవకైనది. ఇంకా బ్లాగులేమిటండీ, అంతా ఫేస్‌బుక్కులూ రీల్సూ కదా అనేవాళ్ళకు జవాబు ఉంది, కాసేపట్లో చెబుతాను.

సొంత రాత కొత్తదేం కాదు

ముందు ఒక మాట. రోజువారీ విషయాలు తేదీలు వేసి రాసి దూరాన ఉన్నవాళ్ళ చేత చదివించడం ఇంటర్నెట్‌తో పుట్టింది కాదు. తమిళనేల మీదివాళ్ళే ఆ పని బాగా చేశారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో కాశీకి బయల్దేరి 1831లో తిరిగొచ్చారు. దారిలో ఏ మజిలీలో నీళ్ళెలా ఉన్నాయి, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, రోడ్డు ఎలా ఉంది, ఎవరు మర్యాద చేశారు అన్నదంతా రాసి మద్రాసులోని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చారు. 1838లో అదే 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. అందులోది గ్రంథాల తెలుగు కాదు, మద్రాసు కచేరీలో పనిచేసే మనిషి మాట్లాడే తెలుగు. అందుకే దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా పుస్తకం తెరిస్తే మనిషి గొంతు వినిపిస్తుంది.

రెండో మనిషి అచ్చంగా హోసూరు మనిషే. రాజాజీ 1878 డిసెంబరు 10న పుట్టింది హోసూరు పక్కన తొరపల్లిలో. తమిళ కుటుంబమే, కానీ చుట్టూ ఉన్న పల్లెలు ఇవే. 1921–22లో వేలూరు జైల్లో ఉన్నప్పుడు ఆయన రోజూ డైరీ రాశారు. ఏం తిన్నారు, ఉబ్బసం ఎలా ఉంది, వార్డర్లు ఎలా ప్రవర్తించారు, స్వరాజ్యం వస్తే ఏమవుతుంది. ముసలితనంలో 'స్వరాజ్య' వారపత్రికలో 'డియర్ రీడర్' పేరుతో వారం వారం పాఠకులతో ముచ్చటించేవారు. నెహ్రూ విధానాలతో తగవు ఒక వారం, ఉపనిషత్తు ఇంకో వారం. ఒకే మనిషి, ఒకే పేరు, తేదీ వారీగా, తనకు తోచింది. ఇవాళ ఎవరైనా బ్లాగు అంటే ఏమిటని అడిగితే ఆ శీర్షికనే చూపించవచ్చు. తేడా ఒక్కటే, రాజాజీకి పత్రిక ఉంది.

తెలుగు తెరకెక్కిన కథ

కంప్యూటరు మీదికి తెలుగు తేలిగ్గా ఎక్కలేదు. 1990ల్లో అమెరికాలోని తెలుగువాళ్ళు ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకునే ఒక పద్ధతి పెట్టుకున్నారు, దానికి ఆర్‌టీఎస్ అని పేరు. పెద్దక్షరం కొడితే దీర్ఘం, చిన్నక్షరం కొడితే హ్రస్వం. 1998లో మొదలైన 'ఈమాట' పత్రిక ఆ తరం చేతుల మీదుగా వచ్చిందే. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికినా, మామూలు మనిషి కంప్యూటర్లో అక్షరాలు సరిగ్గా కనబడింది విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చాకనే. బ్లాగులు పెట్టుకునే బ్లాగర్ అనే సేవ 1999లో మొదలైంది, 2003లో గూగుల్ కొనేసింది. అదే ఏడు వర్డ్‌ప్రెస్ వచ్చింది, డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది.

అసలు మలుపు 2006. వీవెన్ పేరుతో తెలిసిన ఒక్క మనిషి రెండు పనులు చేశారు. ఒకటి 'లేఖిని', ఏ సాఫ్ట్‌వేరూ ఎక్కించుకోకుండా బ్రౌజర్లోనే ఇంగ్లీషు మీటలతో తెలుగు రాసుకునే పేజీ. రెండోది 'కూడలి', తెలుగు బ్లాగుల్లో ఎక్కడ కొత్త టపా, అంటే పోస్టు, పడినా ఒకేచోట వరసగా చూపించే పేజీ. పొద్దున్నే కాఫీతో కూడలి తెరవడం అప్పట్లో కొన్నివేల మందికి అలవాటని పాత బ్లాగర్లు చెప్పుకుంటారు. వంటలు, కవిత్వం మీద కొట్లాటలు, ఊరి జ్ఞాపకాలు, కంప్యూటరు చిట్కాలు, అన్నీ పక్కపక్కనే. ఆ తర్వాత ఫేస్‌బుక్ వచ్చి జనాన్ని ఎత్తుకుపోయింది. 2013 జూలైలో గూగుల్ రీడర్ మూతపడడంతో బ్లాగులు చదివే అలవాటుకే గండి పడింది. నా మటుకు నాకు ఇది పెద్ద నష్టంగానే తోస్తుంది. ఆ కొట్లాటల్లో సగం అనవసరమైనవే అయినా సరే.

హోసూరు ఆ తొలి సందడిలో లేదు. అప్పటికి ఇక్కడ నెట్ సెంటర్లున్నాయి గానీ తెలుగు మీటలు చూపించేవాళ్ళు లేరు. ఫోన్లలోనైతే 2010ల తొలినాళ్ళ దాకా తెలుగు బదులు వరసగా డబ్బాలే కనిపించేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. చేతిలో ఉన్న ఫోనే బల్ల, కలం, కాగితం.

పూలమార్కెట్టు దగ్గర టీకొట్లో ఓ కుర్రాడు వాళ్ళ మామకు ఫోన్ చూపిస్తూ చెబుతుంటే విన్నాను.

"ఇది ఏ పేపర్లో పడతాదిరా?"

"పేపర్లో కాదు మామా, మన పేరు మీదనే పడతాది."

"ఎవురు దిద్దేది?"

"ఎవురూ దిద్దరు. తప్పు పోతే మల్లా మనమే దిద్దుకోవల్ల."

"దుడ్డు?"

"ఇయ్యబన్లే."

"మన ఇంటి మాటల్లో రాస్తే జనం నగరా?"

"నగితే నగనీ మామా. సదివినాకే కదా నగేది!"

బ్లాగు గురించి ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. మిగిలినవన్నీ వివరాలు.

పట్టా ఎవరి పేరున?

ఫేస్‌బుక్ ఉండగా ఎందుకు అన్నదానికి జవాబు. అక్కడ రాయడం కౌలు సేద్యం. దున్నేది మనం, విత్తేది మనం, ఏ గట్టున ఎవరు నడవాలో నిర్ణయించేది వేరేవాళ్ళు. నిన్న రాసింది ఇవాళ్టికి అడుగున పడిపోతుంది. మూడేళ్ళ కిందటి మాట కావాలంటే మనకే దొరకదు, గూగుల్లో వెతికేవాడికి అసలే దొరకదు. బ్లాగ్‌స్పాట్ లాంటి ఉచిత చోటు కూడా నిజానికి కౌలే, కాకపోతే ఉదారమైన కౌలు. రాసినదంతా ఒక్క ఫైలుగా ఇంటికి తెచ్చుకోనిస్తుంది, సెట్టింగుల్లో బ్యాకప్ అని ఉంటుంది. సొంత డొమైన్ కొనుక్కుంటే అది పట్టా, ఏటా శిస్తు కట్టాలి, ఒక ఏడు మరిచిపోతే పోతుంది. సిప్‌కాట్ పారిశ్రామికవాడ వచ్చాకా, బెంగుళూరు రియల్ ఎస్టేట్ వచ్చాకా భూమి చేతులు మారడం కళ్ళారా చూసిన హోసూరు మనిషికి ఈ తేడా విడమరిచి చెప్పనక్కర్లేదు.

మొదలుపెట్టడానికి కావలసింది ఒక జీమెయిల్ ఖాతా, ఒక పేరు. బ్లాగర్ పేజీకి వెళ్ళి బ్లాగు పేరు తెలుగులో పెట్టవచ్చు, చిరునామా మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలి. అది పొట్టిగా, ఫోన్లో చెబితే అవతలివాడు తప్పు లేకుండా కొట్టేలా ఉండాలి. ఇంటిపేరూ ఊరిపేరూ కలిపి పెట్టుకునేవాళ్ళున్నారు, బాగానే ఉంటుంది. 'తెలుగుతేజం' లాంటివి ఎప్పుడో ఎవరో తీసేసుకుని ఉంటారు, పైగా అందులో మీరెవరో తెలియదు. తర్వాత 'కొత్త టపా' నొక్కి రాయడమే. ప్రచురించేదాకా అది చిత్తుప్రతిగానే ఉంటుంది, మీకు తప్ప ఎవరికీ కనబడదు. చాలామంది ఇక్కడే భయపడి ఆగిపోతారు. ప్రచురించిన తర్వాత కూడా ఎన్నిసార్లైనా దిద్దవచ్చు, తీసేయవచ్చు.

ఒక చిక్కు ఉంది, తెలుగులో రాసేవాళ్ళందరికీ తగిలేదే. టపాకు పెట్టిన శీర్షికలోని అక్షరాలతో బ్లాగర్ దాని లింకు తయారు చేస్తుంది. తెలుగు శీర్షికను అది చదవలేదు. దాంతో మీరు 'సానమావు ఏనుగులు' అని పెట్టినా లింకులో 'బ్లాగ్-పోస్ట్' అని వస్తుంది. రెండో టపాకూ అదే పేరు, వెనక ఒక అంకె. ఏడాది గడిచేసరికి అన్ని లింకులూ కవలపిల్లల్లా ఒకటే. విరుగుడు సులువే: ముందు శీర్షికను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ప్రచురించి, తర్వాత తెలుగులోకి మార్చండి. లేదా పక్కనున్న 'పర్మలింక్' గడిలో మీరే ఇంగ్లీషు అక్షరాల పేరివ్వండి. ఒకసారి ప్రచురించాక లింకు మార్చకూడదు, వాట్సాప్‌లో ఇప్పటికే పంపుకున్నవాళ్ళకు అది తెగిపోతుంది.

ఇంకో చిన్న విషయం, చూపు ఉన్నవాళ్ళకే కనబడేది. 'సిప్‌కాట్' అని కొడితే చాలా కీబోర్డుల్లో 'సిప్కాట్' అని ప కింద క వత్తు చేరి కూచుంటుంది. 'ఫేస్‌బుక్' 'ఫేస్బుక్' అవుతుంది. పొల్లు తర్వాత కనబడని ఒక గుర్తు పెట్టాలి, కీబోర్డులో దాన్ని వెతికి పెట్టుకోండి. చదవడానికి ఇబ్బంది లేదు గానీ చూపుకు పంటి కింద రాయి.

పాత డీటీపీ ఫాంట్లలో, అంటే అను లాంటివాటిలో, కొట్టించి దాచుకున్న వ్యాసాలు, పెళ్ళి మంగళాష్టకాలు, తాతగారి పద్యాలు ఉంటే అవి అలాగే బ్లాగులోకి అతికిస్తే ఇంగ్లీషు గుర్తుల చిందరవందరే కనిపిస్తుంది. వాటిని యూనికోడ్‌లోకి మార్చే పేజీలు నెట్‌లో దొరుకుతాయి. మార్చాక ఒక్కసారి వత్తులన్నీ చూసుకోవాలి.

వాకిట్లో ఎవరుండాలి?

బ్లాగులో కొత్తది పైన, పాతది అడుగున. అందువల్ల ఎవరు వచ్చినా కథ మధ్యలోకే వస్తారు. మీ అవ్వ గురించి ఇరవయ్యో టపాలో 'మా అవ్వ మళ్ళీ అదే మాటంది' అని రాస్తే, నిన్ననే వచ్చినవాడికి ఏ అవ్వో, ఏ మాటో తెలియదు. దీనికే 'పేజీ' అనే ఏర్పాటు ఉంది, టపాల్లా కిందికి జారిపోదు, పైన పెట్టుకుంటే ఎప్పుడూ అక్కడే ఉంటుంది. కొత్తవారి కోసం అలాంటిది ఒకటి రాసిపెట్టడం చాలామంది బ్లాగర్లు మరిచిపోయే పని, అన్నిటికన్నా ముందు చేయాల్సిన పనీ అదే. అందులో మీ బయోడేటా ఎవరికీ అక్కర్లేదు. మీది ఏ ఊరు, ఏం పని చేస్తారు, ఇంట్లో ఏ తెలుగు మాట్లాడతారు, ఇక్కడ ఏమేం దొరుకుతాయి, మొదట ఏ మూడు టపాలు చదివితే మిగిలినవి అర్థమవుతాయి, ఇంతే. ఆ మూడింటికి లింకులివ్వండి. 'నమస్కారం, ఇది నా మొదటి టపా, మీ ఆశీస్సులు కోరుతున్నాను' అని రాసి మాయమైపోయిన బ్లాగులు తెలుగులో కోకొల్లలు. ఆశీస్సులు తర్వాత అడగవచ్చు, ముందు ఏదైనా చెప్పండి.

లేబుళ్ళు కూడా ఇందుకే. 'మామిడి', 'బడి', 'తళి', 'అవ్వ' అని ఒక్కో టపాకు ఒకటో రెండో తగిలిస్తే, నొక్కినవాళ్ళకు ఆ వరసంతా ఒకచోట వస్తుంది. పదిహేను లేబుళ్ళు తగిలించేవాళ్ళున్నారు, దానివల్ల ఏమీ దొరక్కుండా పోతుంది.

ఇక పదాల సంగతి. మీరు ఉర్లగడ్డ అంటారు, గుంటూరు మనిషి బంగాళదుంప అని వెతుకుతాడు. మీరు ఎర్రగడ్డ అంటారు, అతను ఉల్లిపాయ అంటాడు. మీ మాట మార్చుకోనక్కర్లేదు. టపాలో ఎక్కడో ఒకచోట అతని మాటా ఒక్కసారి పడేలా చూడండి, వెతుకులాటలో అతను మీ దగ్గరికి చేరతాడు. చేరాక మీ మాట అతనికే అలవాటవుతుంది.

ఏం రాయాలన్నది ఇక్కడివాళ్ళకు సమస్యే కాకూడదు. రాగి కోతల రోజుల్లో బన్నేరుఘట్ట అడవి నుంచి ఏనుగులు జవలగిరి, తళి మీదుగా సానమావు దాకా వస్తాయి. పేపర్లో అది 'గజరాజుల వలస' అనే నాలుగు వాక్యాల వార్త. మంచె మీద రాత్రంతా మేలుకున్న రైతుకు అది వేరే విషయం. ఏ వైపు నుంచి వచ్చాయి, టపాకాయలకు ఎన్నాళ్ళు బెదిరాయి, ఎప్పటి నుంచి బెదరడం మానేశాయి, ఎన్ని కుంటల పైరు పోయింది, నష్టపరిహారం కాగితం ఎన్ని చేతులు మారింది. అది అతనొక్కడే రాయగలడు. బాగలూరు, బేరిక వైపు పాలీహౌసుల్లో తాజ్‌మహల్ రకం ఎర్ర గులాబీ ఫిబ్రవరి 14కి అందేలా కొమ్మలు ఏ వారం కత్తిరించాలో అక్కడ పనిచేసే ఆడవాళ్ళకు తెలుసు, ఆ లెక్క ఏ తెలుగు పుస్తకంలోనూ నాకు కనబడలేదు.

కృష్ణగిరి మామిడి తోటలవాళ్ళకైతే బ్లాగుతో నేరుగా లాభముంది. ఏటా జూన్‌లో గుజ్జు ఫ్యాక్టరీల ధర మీద గొడవే. పోయినేడు ఎంతిచ్చారు, అంతకుముందు ఎంత అన్నది ఎవరి నోట విన్నా ఒక్కో అంకె. కాయ తోలిన రోజునే తూకం చీటీ ఫొటో తీసి, తేదీతో, రెండు ముక్కలు రాసి పెడితే మూడేళ్ళకు అదొక రికార్డు. బ్లాగు చేసే పనుల్లో నాకు ఎక్కువ నచ్చేది ఇదే, రాసిన దానిమీద తేదీ దానంతటదే పడుతుంది. జ్ఞాపకం మోసం చేసినా ఆ తేదీ చేయదు.

రాళ్ళ సంగతి ఇంకా పెద్దది. 2022 మేలో మయిలాడుంపారై తవ్వకాల్లో బయటపడ్డ ఇనుము 4200 ఏళ్ళ నాటిదని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. అది ఈ జిల్లాలోనే ఉంది. మల్లచంద్రం గుట్ట మీద రాతి సమాధులు వందల్లో ఉన్నాయి. పల్లెల్లో పొలం గట్ల మీద వీరగల్లులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి, కొన్నిటి మీద పసుపు కుంకుమ, కొన్నిటి మీద ఆరేసిన బట్టలు. వాటి గురించి పండితులు తమిళంలో, ఇంగ్లీషులో రాస్తారు. ఆ రాయిని మీ ఊళ్ళో ఏ పేరుతో పిలుస్తారు, ఏ పండక్కి ఎవరు దీపం పెడతారు అన్నది మీరు రాయాలి. ఫొటో, ఊరి పేరు, పెద్దలు చెప్పిన కథ చాలు. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు రాయి పోయినా ఆ టపా ఉంటుంది.

మన మాటలోనా, పుస్తకం మాటలోనా అన్న జంకు ఈ ప్రాంతంలో మరీ ఎక్కువ. బయటి తెలుగు విన్నప్పుడల్లా తమది తెలుగే కాదేమోనని ఒక అనుమానం. స.వెం. రమేశ్ పులికాట్ సరస్సు చుట్టుపక్కల మాటతోనే 'ప్రళయకావేరి కథలు' రాస్తే ఆంధ్రమంతా చదివింది, ఆ మాట కోసమే చదివింది. మొరసునాడు కథలంటూ ఈ సీమ మాటలో సంకలనం కూడా వచ్చింది. 'యాడికి పోతా ఉండావు' అని రాయడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అడ్డం పడేది ఫోనే. నోటితో చెబితే రాసే సదుపాయం అక్షరాలు రానివాళ్ళకు నిజంగా వరమే, కానీ అది నేర్చుకున్న తెలుగు వేరు. మీరు ఒకటి చెబితే తనకు తెలిసిన మాటలోకి దిద్దేస్తుంది. దిద్దినదాన్ని మళ్ళీ దిద్దుకోవాలి. విసుగ్గానే ఉంటుంది. ఆ విసుగులోనే గుణింతాలు వచ్చేస్తాయి, ఇది మాత్రం చూశాను. అసలు చదవడమే రానివాళ్ళ మాటను రికార్డు చేసి, దాని లింకు పెట్టి, కింద రెండు ముక్కలు మీరు రాయవచ్చు.

వ్యాఖ్యల గురించి క్లుప్తంగా. మొదట్లో 'ముందు నేను చూశాకే కనబడాలి' అన్న సెట్టింగు పెట్టుకోండి, లేకపోతే అప్పులిచ్చే కంపెనీల ప్రకటనలతో నిండిపోతుంది. నిజమైన పాఠకుడు ఒక్కడొచ్చినా జవాబివ్వండి. ఎంతమంది చూశారన్న లెక్కను తొలి నెలల్లో నమ్మకండి, అందులో చాలావరకు యంత్రాలే. డబ్బు సంగతి అడుగుతారు గనుక చెబుతున్నాను. గూగుల్ ప్రకటనల పథకం 2018లో తెలుగుకూ వచ్చింది. దాని మీద ఆశ పెట్టుకుని ఉద్యోగం మానకండి, హోసూరులో ఉద్యోగాలకు కరువు లేదు.

ఊరు చిన్నది, అందరికీ అందరూ తెలుసు. పక్కింటి గొడవ రాస్తే పేరు మార్చినా ఇంటి రంగు చెప్పగానే దొరికిపోతారు. పిల్లల ఫొటోలు, ఇంటి ముంగిలి, ఫోన్ నంబరు పెట్టకపోవడం మేలు. నష్టపరిహారం ఆఫీసులో జరిగింది రాయాలనుకుంటే చేతిలో కాగితముందో లేదో చూసుకుని రాయండి.

తొలి టపాకు పెద్ద విషయం వెతుక్కోకండి. డిసెంబరు వచ్చిందంటే అనపకాయలు సంతకొస్తాయి. ఇంటిల్లిపాదీ కూచుని గింజలు నానబెట్టి పితికితే గాని పితికిపప్పు కాదు. కిలో ఎంతకు తెచ్చారు, పితకడానికి ఎవరు కూచున్నారు, ఎవరు తప్పించుకున్నారు, పితికిపప్పు చారులోకి మీ ఇంట్లో సంగటా అన్నమా, ఇది రాయండి. ఒక ఫొటో చాలు, గిన్నె పక్కన పొట్టు కూడా కనబడాలి. లేబులు 'తిండి'. శీర్షిక మాత్రం ముందు ఇంగ్లీషు అక్షరాల్లో.